సాహిత్య సభల బొకే గారికి

బొకే గారూ, నమస్కారం.

మా సభల్లో మీరు లేనిదే మైకు కూడా పలకదు కాబట్టి ముందు మీకే రాస్తున్నా. అధ్యక్షుల వారు గంట లేటుగా వస్తారు, మీరు మాత్రం ప్లాస్టిక్ కాగితంలో ఊపిరాడకపోయినా టైముకే వచ్చి స్టేజీ పక్క కుర్చీలో కూర్చుంటారు.

ఆ కుర్చీలోంచే కదా మీ వాళ్ళంతా పుష్పవిలాపం వింటూ వచ్చింది! కరుణశ్రీ గారు 'ఉదయశ్రీ'లో రాశారు, ఘంటసాల గారు పాడి ఇంటింటికీ చేర్చారు. పూజకని కొమ్మ వంచితే పూలు నోరు విప్పి మా ప్రాణం తీస్తావా అని బావురుమనడం, బుద్ధుడు పుట్టిన నేల మీద పుట్టి నీకు ప్రేమెలా చచ్చిందని నిలదీయడం... ఆ ముక్క రాగానే ముందు వరసలో జేబురుమాళ్ళు బయటికొస్తాయి. పాట అవగానే కార్యదర్శి గారు కళ్ళు తుడుచుకుని, అవే చేతులతో మిమ్మల్ని ఎత్తి ముఖ్య అతిథికి ఇస్తారు. ఫోటోలో ఎవరిదో తల అడ్డొచ్చిందని ఇంకోసారి కూడా ఇస్తారు.

పద్యంలో కవి పూలు కోయలేక దేవుడి దగ్గరికి వట్టి చేతులతోనే వెళ్ళాడు. దేవుడు కాబట్టి సర్దుకున్నాడు, ఎమ్మెల్యే గారి దగ్గరికి అలా వెళ్ళగలమా?

తర్వాత ఒక ప్రొఫెసర్ గారు లేచి కాళిదాసు 'శాకుంతలం' నాటకం దగ్గరికి వెళ్తారు. మొక్కలకు నీళ్ళు పోయకుండా శకుంతల తను తాగేది కాదు, అలంకారమంటే ఇష్టమున్నా చిగురు తుంచేది కాదు, అత్తారింటికి బయల్దేరితే కణ్వుడు ఆశ్రమంలోని చెట్లనే సెలవడిగాడు, పెంచుకున్న జింకపిల్ల కొంగు పట్టి లాగింది. నాకు నాలుగో అంకంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ సెలవడగడమే. చెట్టును ఇంటి మనిషిలా చూడటమంటే అది. మన సభ ఫ్లెక్సీ కనపడాలని గేటు దగ్గర వేపకొమ్మలు కొట్టించినప్పుడు మాత్రం వేపచెట్టును ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఒప్పుకోదేమోనని భయం కాబోలు.

సభ అయ్యాక అతిథి గారు శాలువా మడిచి తీసుకెళ్తారు, జ్ఞాపిక డ్రైవరు మోస్తాడు, మీరు మాత్రం టీ కప్పుల పక్కన టేబుల్ మీదే. ఈ ప్లాస్టిక్ పేపర్లేంటని ఊడ్చే ఆవిడ తిడుతుంది. ఆ సాయంత్రం మొత్తానికీ మీ గురించి సూటిగా మాట్లాడిన మనిషి ఆవిడే.

మొన్న ఒకాయన బొకే బదులు పుస్తకం ఇద్దామన్నాడు. స్టేజీ మీద ఉన్న రచయితలంతా గట్టిగా చప్పట్లు కొట్టారు గానీ తీర్మానం వాయిదా పడింది. వచ్చే నెల 'కవిత్వంలో ప్రకృతి' సదస్సు ఉందట, అతిథి మంత్రిగారట, మిమ్మల్ని ఈసారి పెద్ద సైజులో చెప్పారు.

ఇట్లు,
వెనక వరస శ్రోత