1/72 స్కేలు గారికి, సత్యనారాయణపురం నుంచి

అయ్యా 1/72 గారూ,

విజయవాడ నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీకేమవుతుంది లెండి, పాడైంది నా చూపు.

అసలు వస్తువును 72వ వంతుకు కుదించి బొమ్మ చేసే కొలత మీరు. ఆరడుగుల మనిషిని అంగుళం చేస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ మొదటిసారి మిగ్-21 యుద్ధవిమానం బొమ్మ కిట్టు తెచ్చి ముక్కలు అంటించిన దగ్గర్నుంచి నాకు ఊరంతా 72తో భాగించే కనిపిస్తోంది. ప్రకాశం బ్యారేజీ మీద స్కూటర్ నడుపుతూ, 1,223 మీటర్లంటే మీ లెక్కలో 17, మా సందులో పట్టేస్తుంది కదా అనుకుంటాను. మేనకోడలికి సంబంధం వస్తే, అబ్బాయి ఎత్తెంతరా అని అక్క అడిగింది. "24 మిల్లీమీటర్లు" అనేశాను. ఆ తర్వాత సంబంధాల సంగతి అక్క నాకు చెప్పడం మానేసింది.

మీ పూర్వచరిత్ర గొప్పదే, కాదనను. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చేది మన విమానమా శత్రువుదా అని పోల్చుకోవడం నేర్పడానికి మీ కొలతలో చేసిన బొమ్మలు వాడేవారు. మీ బొమ్మను 35 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని దాదాపు అర మైలు నుంచి చూసినట్టే. మా హాలు 12 అడుగులు. అంటే సోఫాలో కూర్చున్న చుట్టాలు మిగ్‌కు 864 అడుగుల దూరంలో కాఫీ తాగుతున్నారు. ఒక్కరూ తలెత్తరు.

ఇక ఆ ముక్కు మీది పిటో ట్యూబ్. గాలి వేగం కొలిచే గొట్టం మీ చేతిలో పడి వెంట్రుకయింది. దుమ్ము గుడ్డ తగిలి మూడుసార్లు విరిగింది. నాలుగోసారి మెడికల్ షాపుకెళ్లి బాగా సన్నటి సూది ఇమ్మన్నాను. "ఎవరికండీ?" "విమానానికి." చిల్లర ఇచ్చేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడొస్తుంది. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21కు 62 ఏళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 26న, చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. ఇక్కడ శరన్నవరాత్రులు. అమ్మ టీవీలో చూసి, "పాపం, రిటైరైందట్రా" అంటూ నా మిగ్‌ను షోకేసులోంచి తీసి బొమ్మల కొలువులో పెట్టేసింది. అదీ కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన! రెక్కలు చాపినా పది సెంటీమీటర్లు నిండని విమానం, జానెడు ఏనుగు. మీ లెక్కన ఆ ఏనుగు యాభై అడుగుల పైమాటే. కింది మెట్టుకు మార్చమన్నాను. "ఏనుగు నా పుట్టింటిది. నీ విమానమే నిన్న వచ్చింది" అంది.

తెల్ల పొణికి కర్రతో ఏనుగును చెక్కినాయన దానికో కొలత, మావటికో కొలత, పక్కనున్న తాటిచెట్టుకు ఇంకో కొలత వాడాడు. ఏ స్కేలని ఎవరూ అడగలేదు. పేరంటానికి వచ్చినవాళ్లు ఏనుగును ముద్దుచేసి, మిగ్‌ను చూపించి "ఈ దోమేంటి పిన్నిగారూ?" అన్నారు.

ఆయుధ పూజనాడు అమ్మ స్కూటర్‌తో పాటు మిగ్‌కూ బొట్టు పెట్టింది. నాలుగు మిల్లీమీటర్ల కుంకుమ, సరిగ్గా పైలట్ కూర్చునే గాజు మీద. అసలు విమానం మీదైతే దాదాపు అడుగు బొట్టు. థిన్నర్‌తో తుడిస్తే గాజు మసకబారుతుందని నేను తటపటాయిస్తుంటే, "చక్రాల కింద నిమ్మకాయలేవిరా?" అంది.

మూడు చక్రాలు, మూడు నిమ్మకాయలు. నాలుగు సెంటీమీటర్ల కాయ మీ లెక్కలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. వంటింట్లోకెళ్లాను. ఆవాలు పెద్దవి. గసగసాలూ పెద్దవే. చివరికి బొంబాయి రవ్వ సరిపోయింది. ఎర్రబడ్డ కళ్లతో, ట్వీజర్‌తో రెండు గింజలు పెట్టాను. మూడోది పెట్టేలోపు అమ్మ ఫ్యాన్ వేసింది.

ఇట్లు,
మీ విధేయుడు
(23 మిల్లీమీటర్లు)