గాజులకు కొలత ఉంటుంది, గ్రిప్పులకు ఉండదట!

"చేత్తో పట్టుకునేదానికి సైజేమిటి మేడమ్? అన్నీ ఒకటే."

సికింద్రాబాద్‌లో ఒక సైకిళ్ళ దుకాణంలో ఈ మాట విని ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాస్తే గానీ మనసు కుదుటపడదు. వరసగా మౌంటెన్ బైకులు నిలబెట్టిన దుకాణం. హ్యాండిల్ చివర్లకు తొడిగే గ్రిప్పులన్నీ అట్టలకు పిన్నులు కొట్టి, పైన ప్లాస్టిక్ కవరు బిగించి, గోడకు వేలాడదీశారు. ఒక్కసారి విప్పి పట్టుకుని చూస్తానంటే, "కవరు చింపితే కొన్నట్టే" అన్నాడు. సరిపోతుందో లేదో మరి దివ్యదృష్టితో చూసి చెప్పాలి కాబోలు.

లాడ్ బజారులో గాజులమ్మే ఆయన మన చేయి పట్టుకుని, బొటనవేలి ఎముక దగ్గర ఒక్క నొక్కు నొక్కి, "మీకు రెండూ ఆరు కాదమ్మా, రెండూ నాలుగు" అని తేల్చేస్తాడు. ఊరికే అలంకారానికి వేసుకునే గాజుకు అంత శ్రద్ధ. గంటల తరబడి ఒంటి బరువు మోసే గ్రిప్పుకు మాత్రం కొలత అడిగితే వెర్రిదాన్ని చూసినట్టు చూస్తారు.

సైకిళ్ళ దుకాణం ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజముంది లెండి. గ్రిప్పు తొడిగే చోట హ్యాండిల్ గొట్టం దాదాపు అన్ని మౌంటెన్ బైకులకూ 22.2 మిల్లీమీటర్లే. అంటే లోపలి రంధ్రం ఒకటే. కానీ స్వామీ, నేను పట్టుకునేది రంధ్రాన్ని కాదు కదా! బయటి మందం 28 మి.మీ. నుంచి 34 దాకా రకరకాలుగా ఉంటుంది. నా చేయి చిన్నది. లావు గ్రిప్పు ఇస్తే వేళ్ళు చుట్టూ తిరగవు, జారుతుందేమోనని బిగించి పట్టుకోవాలి, దిగుడులో ముంజేయి లాగేస్తుంది. పెద్ద చేయి ఉన్నవాళ్ళకు సన్నటిది ఇస్తే వాళ్ళూ పిడికిలి బిగించాల్సిందే. ఆరు మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే. అరచేతిని అడిగి చూడండి.

ఇక జెల్ గ్రిప్పుల పురాణం. "నొక్కి చూడండి మేడమ్, ఎంత మెత్తగా ఉందో!" (కవరు మీద నుంచి నొక్కవచ్చట, విప్పకూడదట.) మెత్తగా ఉంటే సుఖమని ఎవరు చెప్పారు వీళ్ళకు? అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు దగ్గరగా అల్నార్ నరం వెళుతుంది. దాని మీద ఒత్తిడి పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మరీ మెత్తని జెల్‌లో చేయి దిగబడి అటూ ఇటూ కదులుతుంది, కదిలే కొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాం, నరానికి మరింత నొప్పి. ఆ బరువును అరచేతి అంతటా పరచడానికే బయటి చివర రెక్కలాగా వెడల్పు చేసిన గ్రిప్పులున్నాయి. జర్మనీలో ఎర్గాన్ అనే సంస్థ వాటికే పేరు పడింది. అడిగితే "అవి ముసలివాళ్ళకు మేడమ్" అన్నాడు. నాడీ శాస్త్రానికి వయోపరిమితి పెట్టిన మహానుభావుడు!

చవక జెల్ మన మే నెల ఎండకు ఏమవుతుందో వాడినవాళ్ళకు తెలుసు. జిగురు కారి, అరచేతుల నిండా నల్లటి మసి.

ఇంతకీ పాతవి ఎందుకు తీసేయాల్సి వచ్చిందో చెప్పలేదు కదూ. అది ఇంకో దుకాణం ఘనకార్యం. గ్రిప్పు తొడగడానికి కష్టంగా ఉందని కొబ్బరి నూనె రాశాడు! సబ్బు నీళ్ళయితే ఆరిపోతాయి, స్పిరిట్ అయితే ఎగిరిపోతుంది, నూనె ఎక్కడికి పోతుంది? అనంతగిరి కొండ దిగుతుంటే కుడి గ్రిప్పు చేతిలోనే గిర్రున తిరిగింది. అందుకే ఈసారి పట్టీకి స్క్రూ ఉండి, ఆరు పలకల అలెన్ కీతో బిగించే లాక్-ఆన్ రకమే కావాలని ఇవాళ ఆ సికింద్రాబాద్ దుకాణానికి వెళ్ళాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "సార్ సైకిల్‌కా మేడమ్?"

సార్! ఏ సార్? ఆ సైకిల్ నాది, ఆ కొండ ఎక్కే కాళ్ళు నావి. నాకేనని చెప్పగానే వేలు అటు తిరిగింది: "లేడీస్‌వి ఆ వైపున్నాయి." ఆ వైపు ఏమున్నాయంటారా? అదే మందం, అదే జెల్, లేత ఊదా రంగు. నూట యాభై రూపాయలు ఎక్కువ. ఆడవాళ్ళ కోసం వీళ్ళు చేసిన పరిశోధన అంతా రంగు దగ్గరే ఆగిపోయింది.

సైకిల్ కొన్న రోజు నుంచీ ఇదే తంతు. "లేడీస్‌కు సుఖంగా ఉంటుంది" అని సీటు ముక్కు కిందికి వంచి ఇచ్చారు. అలా వంచితే ఒళ్ళు ముందుకు జారుతుంది, బరువంతా చేతుల మీద పడుతుంది. చేతులు నొప్పి అంటే, పాపం, ఆడమనిషి కదా అంటారు. బ్రేకు లివరును వేళ్ళకు దగ్గరగా తెచ్చుకోవడానికి దానిలోనే చిన్న స్క్రూ ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఒక్క దుకాణదారుడైనా చెప్పాడా? నేనే తిప్పుకుంటుంటే "అది కంపెనీ సెట్టింగ్, ముట్టుకోకండి" అన్నారు. కంపెనీ నా వేళ్ళ పొడవు ఎప్పుడు కొలిచిందో!

ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" అని పథకం పెట్టి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. బడికి తొక్కుకుంటూ వెళ్ళిన ఆ పిల్లలు పెద్దయ్యాక దుకాణానికి వస్తారని, వాళ్ళకూ చేతులుంటాయని ఈ వ్యాపారులకు తట్టదు. మా పెదనాన్న అయితే ఇంకో అడుగు ముందుకేసి, "స్కూటీ ఉండగా ఈ బాధేమిటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అంటారు. ఆ నలుగురి చేతులకు తిమ్మిర్లు లేవు, అదే వాళ్ళ అదృష్టం.

30 మి.మీ. లాక్-ఆన్ గ్రిప్పును కవరు విప్పి చేతికిచ్చే దుకాణం జంట నగరాల్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోమనకండి, అక్కడ సగం వాటికి పొడవు రాస్తారు, మందం రాయరు. గ్లవ్స్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు అసలే వద్దు. లావైపోయిన గ్రిప్పు మీద ఇంకో పొర గుడ్డ వేస్తే నా వేళ్ళేమీ పొడుగవవు.