స్టోరీ పాయింట్లతో సోమరిని పట్టలేరు

"ఎజైల్ పెట్టండి, టీములో సోమరులు వాళ్లంతట వాళ్లే బయటపడతారు" అనే మెసేజ్ మా ఒంగోలు కాలేజీ బ్యాచ్ గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను కొంచెం కొంచెంగా చేసి చూపిస్తూ, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతి. కావలిలో, నెల్లూరులో ఇంట్లో కూర్చుని చెన్నై, హైదరాబాదు కంపెనీలకు పనిచేసేవాళ్లు ఆ గ్రూపులో చాలామంది. పంపేవాళ్లు కూడా వాళ్లే! అందుకే ఈ జవాబు.

ఆ మెసేజ్‌లో మొదటి పాయింటు, "డాక్యుమెంట్లు రాయక్కర్లేదు" అట. 2001లో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి రాసిన ఎజైల్ ప్రకటన ఒక్క పేజీ కూడా ఉండదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామన్నారు, డాక్యుమెంట్లకూ విలువ ఉందని ఆ కిందే రాశారు. చదివి పంపండి.

రెండోది, "రోజూ స్టాండప్‌తో క్రమశిక్షణ." స్టాండప్ అంటే టీము రోజూ పెట్టుకునే చిన్న మీటింగు. ఎజైల్‌లో ఎక్కువమంది వాడే పద్ధతి స్క్రమ్; దాని నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్‌లో అది 15 నిమిషాలు, డెవలపర్లు తమ పని తాము సర్దుకోవడానికి. మేనేజరుకు హాజరు వేయించుకోవడానికి కాదు.

ఇక అసలు విషం మూడో పాయింటు: "ఎవరు ఎన్ని స్టోరీ పాయింట్లు చేశారో చూస్తే పనిమంతుడెవరో తెలుస్తుంది." స్టోరీ పాయింటు అంటే ఒక పని ఎంత పెద్దదో టీము అంచనాగా ఇచ్చుకునే అంకె. మా నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలని రైతుకూ తెలుసు, వ్యాపారికీ తెలుసు. స్టోరీ పాయింటుకు అలాంటి తూకం లేదు. ఒక టీములో 3 అన్న పని పక్క టీములో 8 అవుతుంది. టీము తన పనిని అంచనా వేసుకోవడానికి పెట్టుకున్న అంకెతో మనిషికి మార్కులు వేస్తారా? స్క్రమ్ గైడ్‌లో ఈ పాయింట్ల ఊసే లేదు. వీటిని తానే కనిపెట్టి ఉండొచ్చని, అయితే అందుకు ఇప్పుడు బాధపడుతున్నానని రాన్ జెఫ్రీస్ రాశారు. ఆ 17 మందిలో ఆయనా ఒకరు.

ఈ లెక్క, జీతం పెంపు తేల్చే అప్రైజల్‌లోకి వచ్చాక ఏం జరుగుతుందో నేను పనిచేసిన చోట చూశాను. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేవాళ్లు నేర్పడం మానేశారు, దానికి పాయింట్లు లేవు మరి. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, బగ్ వస్తే రాత్రంతా కూర్చుని సరిచేసిన అమ్మాయి లెక్కలో సున్నా. తేలికైన టికెట్లు (పనులు) ఏరుకున్నవాడు స్టార్. ఆ అమ్మాయికి హైక్ ఆగింది. దీన్నేనా మీరు పారదర్శకత అంటున్నారు?

"పని వేగం రెట్టింపు" అన్నదానికీ జవాబు ఇందులోనే ఉంది. నిన్న 3 పాయింట్లన్న పనిని ఇవాళ 6 అంటే రెట్టింపే.

ఆఖరి పాయింటు, "రెండు వారాలకోసారి కస్టమర్‌కు చూపించాలి" అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఏడాదంతా కోడ్ రాసి చివర్లో చూపిస్తే "మేం అడిగింది ఇది కాదు" అనిపించుకోవాల్సి వస్తుంది. ఈ ఒక్క అలవాటు కోసం స్క్రమ్ మీటింగులన్నీ భరించమన్నా భరిస్తాను.

గ్రూపులో మేనేజర్లయినవాళ్లు ఉన్నారు. ఈసారి అప్రైజల్ షీట్‌లో ఆ పాయింట్ల కాలమ్ తీసేయండి. తీయలేకపోతే, కనీసం మెసేజ్‌లో ఆ మూడో పాయింటు తీసేసి ఫార్వర్డ్ చేయండి.