ఐదు వారాల మందు, ఆయుష్షంతా ముద్ర

ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉన్న కౌమారుల జన్యువులను పరీక్షించి, అందులో కనిపించిన మార్పుకు సరిపడే మందును వారికి ఇచ్చి చూడటం అమెరికాలో కొత్త కాదు. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే గ్లుటమేట్ అనే రసాయనం సంకేతాలకు సంబంధించిన జన్యువుల్లో మార్పులున్న 30 మందికి, 12 నుంచి 17 ఏళ్లవారికి, ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రి పరిశోధకులు ఫాసొరాసెటామ్ అనే మందు ఇచ్చారు. ఐదు వారాల ఆ పరీక్షలో గుణం కనిపించిందని 2018లో ప్రచురించారు. అంతకన్నా ఎక్కువమందిపై జరిగిన పరీక్షల్లో మాత్రం ఆ మందు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కన్నా మేలని రుజువు కాలేదు. మందు నెగ్గకపోవడం వైద్యంలో మామూలే. మందు పక్కకు పోయాక ఆ పిల్లల జన్యు వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయన్నదే మా ఆందోళన.

ఇప్పుడున్న మందులు కొందరికి పనిచేయవు, కొందరికి ఆకలినీ నిద్రనూ చెడగొడతాయి కనుక జన్యువును బట్టి మందు ఎంచడం మేలన్న వాదనను మేము కాదనం.

అయితే అంగీకార పత్రంపై సంతకం తల్లిదండ్రులది, పక్కన కూర్చున్న పిల్లవాడు చేసేది తల ఊపడం. ఆ తల ఊపు ఐదు వారాల మాత్రలకు చాలవచ్చు, ఆయుష్షంతా మారని జన్యు క్రమాన్ని దాచుకోవడానికి ఎలా చాలుతుంది? పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ సమ్మతి అడగాలన్న మార్గదర్శకాలు అక్కడ ఉన్నా, మినహాయింపు పొందే దారీ ఉంది. పేరు, ఆనవాళ్లు తీసేస్తే అడగనే అక్కర్లేదు. పేరు తీసేస్తే జన్యువు అనామకం అయిపోతుందా? పేర్లు లేని జన్యు క్రమాల నుంచి ఇంటిపేర్లు రాబట్టవచ్చని 2013లోనే పరిశోధకులు చేసి చూపారు. జన్యు వివక్షను నిషేధించిన 2008 నాటి అమెరికా చట్టం ఆరోగ్య బీమాకూ ఉద్యోగాలకూ వర్తిస్తుందే తప్ప జీవిత బీమాకు, వైకల్య బీమాకు వర్తించదు. అంటే పన్నెండేళ్లప్పుడు ఊపిన తలకు ముప్పై ఏళ్లప్పుడు మూల్యం చెల్లించే ప్రమాదం ఆ పిల్లవాడిదే.

ఏడీహెచ్‌డీతో ఈ అలవాటు స్థిరపడితే, రేపు కుంగుబాటుకూ ఆటిజానికీ ఇదే పద్ధతి పూర్వోదాహరణగా నిలుస్తుంది. పద్దెనిమిదో ఏట కొత్త పత్రం చేతికిచ్చి, వద్దంటే నమూనాను నాశనం చేసే ఏర్పాటు లేని ఏ పరీక్షకూ నైతిక సంఘాలు అనుమతి ఇవ్వకూడదు. అది ఖర్చనీ, ఆచరణలో కష్టమనీ పరిశోధకులు చెప్పవద్దు. కోట్ల అక్షరాల జన్యు క్రమంలో చిన్న మార్పును వెతికి పట్టుకోగలిగినవారికి, ఆ జన్యువు గల మనిషిని ఆరేళ్ల తర్వాత వెతికి అడగడం చేతకాదంటే నమ్మలేం.