‘ఒంటరి పిల్లవాణ్ణి అనుమానించండి’ అన్న సందేశంలో నిజమెంత?

తిరుపతిలోని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఫోన్‌లో కాల్పుల ఆటలు ఆడే పిల్లలు అమెరికాలో మాదిరిగా బడిలో హింసకు దిగుతారనీ, ఎవరితోనూ కలవనివాణ్ణి ముందే అనుమానించాలనీ, ఫోన్ లాక్కుని బెత్తం పట్టుకుంటే అంతా చక్కబడుతుందనీ దాని సారాంశం. పంపేవారి బెంగ అర్థం చేసుకోదగినదే గానీ, అందులోని వాదాలు నిలబడేవి కావు.

ఆటలే కారణమన్న మాట ముందు చూద్దాం. అమెరికా సీక్రెట్ సర్వీస్, ఆ దేశ విద్యాశాఖ కలిసి, 1974 నుంచి 2000 వరకు బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసిన 41 మందిలో హింసాత్మక వీడియో గేమ్‌లపై ఆసక్తి చూపినవారు 12 శాతమే. ఇలాంటి ఆటలకూ అరుపులు, తోపులాటల వంటి దుడుకుతనానికీ కొంత సంబంధం ఉందని ఒప్పుకున్న అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా, తీవ్రమైన హింసను ఆటలకు అంటగట్టడానికి తగిన ఆధారం లేదని 2020లో స్పష్టం చేసింది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెండో మాట. 2002 నాటి ఆ నివేదిక ప్రకారం, దాడి చేసినవారిలో ఒంటరివారుగా కనిపించినవారు 34 శాతం కాగా, అందరితో కలిసిమెలిసి తిరిగినవారు 41 శాతం. దాడికి దిగే పిల్లవాడు ఇలాగే ఉంటాడని చెప్పగల గుర్తు ఏదీ లేదని ఆ నివేదికే తేల్చింది. తేలిన సంగతి వేరు: 71 శాతం మంది తమను ఎవరో వేధించారనో, బెదిరించారనో, గాయపరిచారనో భావించారు, 81 శాతం సంఘటనల్లో కనీసం ఒకరికి విషయం ముందే తెలుసు, వారిలో ఎక్కువమంది తోటి పిల్లలే. అంటే కనిపెట్టవలసింది మౌనాన్ని కాదు, మనసులో పెట్టుకున్న కక్షనూ, నోటినుంచి జారిన బెదిరింపునూ. మన దేశంలో 2022లో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ముడుచుకుపోయిన పిల్లవాడు ఇతరులను ఏం చేస్తాడోనని కాదు, తనను తాను ఏం చేసుకుంటాడోనని మనం భయపడాలి.

ఇక ఫోన్ లాక్కోవడం. బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద సాయంత్రాలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే తొమ్మిదో తరగతి అబ్బాయి, పీలేరులో వదిలివచ్చిన స్నేహితులతో ‘ఒరే, నీ వెనకాలే ఉన్నాడు చూడ్రా’ అంటూ ఆడుతుంటాడు. అతనికి మిగిలిన స్నేహం ఆ ఫోన్‌లోనే ఉంది. నిద్ర, చదువు, తిండి చెడుతుంటే హద్దు పెట్టవలసిందే, కాదనను. కానీ ఫోన్లను గేటు దాటనివ్వని ఇంటర్ హాస్టళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి కదా, అక్కడి పిల్లలకు ఒంటరితనం లేదని ఎవరైనా అనగలరా?

బెత్తం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని ఆదేశించింది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో, మార్కుల ముచ్చట ముగిశాకైనా, ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో అడగండి. ఈలోగా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.