60 దాటితే కండకు విశ్రాంతే మందా?

పర్లాకిమిడిలోని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎండాకాలం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. తెలుగులో ఒకసారి, ఒడియాలో రెండుసార్లు వచ్చింది. "60 దాటాక కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. ఒళ్లు వంచితే ఉన్నవీ అరిగిపోతాయి. విశ్రాంతి తీసుకోండి, శక్తినిచ్చే క్యాప్సూల్ వేసుకోండి" అని. మా అమ్మ నమ్మేసింది. వడియాలు ఎండబెట్టడానికి మేడ ఎక్కడం మానేసింది. వానలు పడేసరికి పీట మీంచి లేవడానికి గోడ పట్టుకుంటోంది. మావయ్యలూ, పెద్దమ్మలూ, అందుకే ఇది రాస్తున్నాను.

మళ్లీ పుట్టవన్నది తప్పు. మైటోకాండ్రియా అంటే కణం లోపల ఉండే చిన్న భాగాలు. వయసుతో వాటి పనితనం తగ్గుతుంది, ఆ మాట నిజమే. కానీ కణం పాడైనవాటిని విడగొడుతూ, కొత్తవి కట్టుకుంటూనే ఉంటుంది. పని పెరిగితే ఎక్కువ కట్టుకుంటుంది. 1967లో జాన్ హోలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి పరుగెత్తిస్తే, వాటి కండరాల్లో మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడుకునే శక్తి దాదాపు రెట్టింపైంది. తర్వాత మనుషుల్లోనూ, పెద్ద వయసువాళ్లతో సహా, వ్యాయామంతో మైటోకాండ్రియా పెరగడం చూశారు.

పని చేస్తే అరిగిపోతాయన్నది ఇంకా ప్రమాదం. కండరం ఏటీపీ అనే ఇంధనంతో నడుస్తుంది. గట్టిగా పని చేస్తే దాని నిల్వ కొన్ని సెకన్లకే సరి, మిగతాది అప్పటికప్పుడు తయారుకావాల్సిందే. వాడకం లేకపోతే కణం ఆ తయారీని తగ్గించుకుంటుంది, కండా కరుగుతుంది. 2007లో అచ్చైన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఒక్క కాళ్లలోనే కిలోకు దగ్గరగా కండ పోయింది. పది రోజులకే! మా అమ్మ కూర్చున్నది రెండు నెలలు.

1990లో బోస్టన్‌లో 90 ఏళ్ల చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది వృద్ధులతో 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇది చదివి వినిపిస్తే అమ్మ "తొంభై ఏళ్లవాళ్లా?" అని మళ్లీ చదివించుకుంది.

క్యాప్సూల్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. దానితో కండబలం పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, ఉలవలు కొనండి. చోడి (రాగి) అంబలి మంచిదే కానీ మాంసకృత్తులకు అదొక్కటే చాలదు.

గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. మిగతావాళ్లు కుర్చీతో మొదలుపెట్టండి. అమ్మ ఇప్పుడు పొద్దున్నే చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటోంది. పీట మీంచి లేవడానికి గోడ ఇంకా కావాలి. ఈ వారం నుంచి ఒక చెయ్యి ఆనిస్తే చాలుతోంది.