డ్రాగన్ సంబంధం ఖాయం చేసుకోవచ్చా?

సోమశిలలో 78 టీఎంసీల నీళ్లు పడతాయి. ఈ ఏడు ఎన్ని వచ్చాయి, కిందికి ఎన్ని వదులుతారు అనే తగువు నెల్లూరులో ఏటా ఉండేదే, ఏటా ఏదో ఒకరకంగా తేలేదే. తేలని తగువు వేరే ఉంది. ఫోన్లో చదివే ఫాంటసీ సీరియల్లో నలుగురు మగవాళ్లు ఒకేసారి ప్రేమిస్తున్న ఆ పిల్ల చివరికి ఎవరి మెళ్లో దండ వెయ్యాలి? మూలాపేటలో ఒకే ఇంట్లో అక్క ఒక వర్గం, చెల్లెలు ఇంకో వర్గం. కనిగిరి నుంచి ఒంగోలు పోయే బస్సులో ఒకే సీట్లో కూర్చున్న ఇద్దరి ఫోన్లలో ఒకే ఎపిసోడ్, కానీ మాటల్లేవు. పెద్దలు దీన్ని పిల్లల కాలక్షేపం అనుకుంటున్నారు. పెద్దలు పొరబడుతున్నారు. ఇంత నిష్ఠగా వరుడి మంచిచెడ్డలు విచారించడం మన జిల్లాల్లో అసలు పెళ్లిళ్లకే తగ్గిపోయింది.

తెలియనివాళ్ల కోసం ఈ రకం కథల అల్లిక చెప్పుకోవాలి. ఏ కథ తీసినా వరులు ఇంచుమించు ఈ నలుగురే. ఒకటి, డ్రాగన్ యువరాజు. కోపం వస్తే పొగ, ప్రేమ వచ్చినా పొగే. రెండు, నీడల దొర. వయసు 520, చూడ్డానికి 27. మూడు, పున్నమికి తోడేలయ్యే అడవి మనిషి. పిల్లను వాసన చూసి "నువ్వు నా జన్మ తోడు" అనేస్తాడు, పేరు తర్వాత అడుగుతాడు. నాలుగు, చిన్నప్పట్నుంచీ పక్కింట్లో పెరిగినవాడు. ఇంగ్లీషు కథల్లో ఇతను స్నేహితుడు. తెలుగులోకి వచ్చేసరికి బావ అయిపోతాడు, ఇంకో దారి లేదు. పిల్లకు ఒక మహాశక్తి ఉంటుంది. అదేమిటో ఆమెకూ తెలీదు, రచయిత్రికీ ఇంకా తెలీదు.

ఇక విచారణ. డ్రాగన్ వర్గం వాదనంతా ఆస్తి మీద నడుస్తుంది. గుహ నిండా బంగారం, ఎదురుగా సొంత కొండ, అత్తగారు లేరు. వినడానికి బానే ఉంది. అయితే డ్రాగన్ బంగారం మీద పడుకుంటుందే గాని ఖర్చు పెట్టదు. ఒక కాసు అమ్మి ఇంట్లోకి బియ్యం బస్తా తెచ్చిన డ్రాగన్ ఇంతవరకు ఏ కథలోనూ కనపడలేదు. "లాకర్లో పెట్టి తాళం పారేసుకున్నోడికీ ఈయనకీ తేడా ఏందబ్బా?" అని ఎదుటి వర్గం అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికొచ్చిన జవాబు: "ఆయన కళ్లు బంగారు రంగు."

నీడల దొరకు చిక్కు జాతకం దగ్గర వస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్ననాటికి ఈయనకు ఏడెనిమిదేళ్లు, అంటే మార్కాపురం పలక చేత పట్టుకుని తిరగాల్సిన వయసు. ఆనాటి పంచాంగం తెచ్చి నక్షత్రం గుణించేవాళ్లు దొరకొచ్చు. దొరకనిది ఇంకోటి ఉంది: ఈ ఐదు శతాబ్దాల్లో ఆయన నేర్చుకున్న పని. కిటికీ దగ్గర నిలబడి చీకట్లోకి చూడ్డం తప్ప ఆ మనిషికి ఏ విద్యా ఉన్నట్టు లేదు. 520 ఏళ్లున్నవాడికి చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో తెలియకపోతే ఆ ఆయుష్షు దేనికి? ఆయన వర్గం మాత్రం "గతంలో ఏదో గాయం ఉంది, అందుకే అట్టా ఉంటాడు" అంటుంది. గాయం మానడానికి 520 ఏళ్లు చాలలేదంటే చూపించాల్సింది పిల్లకు కాదు, డాక్టరుకు.

తోడేలు వర్గాన్ని తొందరగా దాటెయ్యొచ్చు. "విధి కలిపింది" అన్నాక వాదించేదేముంది? జాతకాలు కలిశాయి, లగ్నం పెట్టారు, 12వ ఎపిసోడ్‌కే కథ అయిపోయింది. మిగతా 200 కంతులే.

అసలు అన్యాయం జరుగుతున్నది బావకు. విషం దిగితే ఆకు నూరేది బావ, వాగులో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టి లాగేది బావ, మూడు రోజులు అడవిలో తిరిగినప్పుడు పొయ్యి రాజేసింది ఎవరని ఏ వర్గమూ అడగదుగాని అదీ బావే. కవరు బొమ్మ మీద మాత్రం చొక్కా లేకుండా నిలబడేది డ్రాగన్ యువరాజు. ఒంగోలు జాతి పశువుల్ని ఓడెక్కించుకుపోయి, వాటి సంతతిని బ్రెజిల్‌లో 'నెలోర్' అని నెల్లూరు పేరు పెట్టి పిలుచుకున్నట్టుంది. గిత్త ఒకరిది, పేరొకరిది. ఈ విషయంలో ఒంగోలు పాఠకులు బావ పక్షాన గట్టిగా నిలబడటం సహజం. నెల్లూరువాళ్లు మాట మారుస్తారు.

బావ ఓడిపోతాడని తెలుసుకోవడానికి చివరిదాకా చదవనక్కర్లేదు. ఒక పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకుని లెక్క రాస్తే చాలు. కథ ఎవరి మనసులోంచి ఎన్ని ఎపిసోడ్లు నడిచింది? ఎవరి కళ్ల రంగు ఎన్నిసార్లు వచ్చింది? పిల్లకు ముద్దుపేరు ఎవరు పెట్టారు? బావ కళ్లకు 212 ఎపిసోడ్లలో ఒక్కసారీ రంగు రాదు. ముద్దుపేరు పెట్టే హక్కు కూడా ఉండదు, ఎందుకంటే ఆయన ఆమెను చిన్నప్పట్నుంచీ "ఏమే" అనే పిలుస్తున్నాడు. కళ్లకు రంగు లేనివాడికి దండ పడదు.

పాఠకులు ఇన్ని విచారిస్తారుగాని, కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేస్తారు. కట్టు కట్టే సన్నివేశమే తీసుకుందాం. ఎవరికి బాణం తగిలినా పిల్ల పైట కొంగు అడ్డంగా జానెడు చింపి కట్టు కడుతుంది. వర్గాలవాళ్లు ఆ సమయంలో ఎవరి చెయ్యి ఎవరికి తగిలింది, ఎంతసేపు తగిలింది అని చూస్తున్నారు. చూడాల్సింది చీరను. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లు, మొత్తం 6.30. జానెడంటే తొమ్మిది అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. నలుగురు వరులకూ కలిపి 27 గాయాలు. ఇరవై ఏడు జానలు 6.17 మీటర్లు. పిల్ల ఒంటి మీద మిగలాల్సింది 13 సెంటీమీటర్ల గుడ్డ. అయినా 90వ ఎపిసోడ్‌లో "ఆమె వెంకటగిరి చీర చెంగు గాలికి రెపరెపలాడింది." ఆ మహాశక్తి ఏమిటని అందరూ అడుగుతున్నారు కదా, ఇదే అయ్యుండాలి. ఆ వెంకటగిరి చీర నేసినవాళ్లకు ఇట్టాంటి పడుగు ఇంకొకటి దొరికితే బాగుండు.

రచయిత్రిని ఒక్కదాన్నే అనడం ధర్మం కాదు. ఆమె పరిస్థితి రొయ్యల గుంట చేసే రైతు పరిస్థితే. వెనామీ రకం రొయ్య పిల్లల్ని చదరపు మీటరుకు 60 దాటి వదలకూడదని నిబంధన. ఎక్కువ వదిలితే ఎక్కువ వస్తాయనుకున్నవాడికి తెల్లవారుజామున తెలిసొస్తుంది. పగలు నీళ్లలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా అదే పీల్చేస్తుంది, నాలుగింటికల్లా గుంటలో గాలి అడుగంటుతుంది, రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పితే సరిపోదు. వెయ్యి మాటల ఎపిసోడ్‌లో నలుగురు వరుల్ని వదిలినా ఇంతే. ఒక్కొక్కడికి 250 మాటలు. అందులో ఎనభై కండరాలకు, అరవై అసూయకు పోతే, మాట్లాడుకోవడానికి గాలి ఆడదు. ఎవరూ ఎవర్నీ పూర్తిగా ప్రేమించలేరు, చూసి ఊపిరి బిగబట్టి పక్కకు తప్పుకుంటారు. తర్వాతి మనిషి వంతు వచ్చింది మరి.

గుంటలో చెక్ ట్రే అని ఒకటుంటుంది. మేత కాస్త అందులో వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలకు లేపి చూస్తారు. ఖాళీగా ఉంటే తిన్నట్టు, మిగిలితే తరవాతి పూట మేత తగ్గించాలి. పాఠకుల అభిప్రాయాలు రచయిత్రికి చెక్ ట్రే. నీడల దొర ఒక నిట్టూర్పు విడిస్తే రెండు గంటల్లో మూడొందల ఏడుపు బొమ్మలు. ట్రే ఖాళీ! మర్నాటి నుంచి నిట్టూర్పులు రెండింతలు. ఇక్కడే లెక్క తప్పుతుంది. ట్రేలోకి వచ్చేవి హుషారైన రొయ్యలు. నలతగా ఉన్నవి గట్టు వారనే తిరుగుతుంటాయి, ట్రే దగ్గరికి రావు. విసిగిన పాఠకురాలు వాదన పెట్టుకోదు, చదవడం మానేస్తుంది. ట్రేను చూసి పెంచిన మేత తినేవాళ్లు లేక అడుగుకు చేరి కుళ్లుతుంది, అడుగు మట్టి నల్లబడుతుంది, వాసనేస్తుంది. 150 దాటిన ఏ ఎపిసోడ్ అయినా ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి.

"మన సంప్రదాయంలో ఇట్టాంటివి లేవు" అనే పెద్దాయన ఒకాయన ప్రతి చర్చలోనూ ఉంటాడు. ఆయన్ను కూర్చోబెట్టి భారతంలోని నలోపాఖ్యానం గుర్తు చెయ్యాలి. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు వరులుగా వచ్చారు. నలుగురూ నలుడి రూపంలోనే కూర్చున్నారు. మనిషికన్నా దేవుడు మెరుగని పిల్ల అనుకోదని వాళ్లకే తెలుసు. దీన్ని తిక్కన ఖాతాలో వేసుకోడానికి నెల్లూరువాళ్లు ముందుకొస్తారు. ఆయన విరాటపర్వంతో మొదలెట్టాడు, ఇది అరణ్యపర్వం. అయితే మా ఎర్రనదే అని ప్రకాశంవాళ్లు లేస్తారు. ఆయన పూరించింది అరణ్యపర్వ శేషం, నలుడి కథ అంతకుముందే నన్నయ చెప్పేశాడు. రెండు జిల్లాలూ కూర్చోవచ్చు.

దమయంతి ఏం చేసింది? పక్క పక్కనే ఉన్న అయిదుగురు నలుల్ని చూసింది, గుర్తులు పట్టింది. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో పూలు వాడవు, ఒంటి మీద దుమ్ము ఉండదు, కాళ్లు నేలకానవు, నీడ పడదు. చెమట పట్టినవాడి మెళ్లో దండ వేసింది. ఒక్క సభలో అయిపోయింది. ఓడిన నలుగురు కోటలు తగలబెట్టలేదు, విలన్లు కాలేదు, నాయిక స్నేహితురాలికి అంటగట్టబడలేదు. తలా రెండు చొప్పున ఎనిమిది వరాలు నలుడికిచ్చి లేచిపోయారు. నలపాకం అంటున్నామే, ఆ చేతి రుచి యముడిచ్చిన పెళ్లి కానుక. మన నీడల దొర దగ్గర ఆ పాటి మర్యాద ఆశించగలమా?

ముఖ్యమైన తేడా ఒకటుంది. దమయంతికి ఎవరు కావాలో హంస వచ్చి వెళ్లిన రోజే తెలుసు. చిక్కల్లా అతను ఏ కుర్చీలో ఉన్నాడన్నదే. మన సీరియల్లో ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో కళ్ల రంగుతో సహా తెలుసు. పిల్లకేం కావాలో ఎవరికీ తెలీదు. అడిగినవాళ్లూ లేరు. నాలుగు వర్గాలూ వరుల ఆస్తి, వయసు, కండలు, గాయాలు విచారించాయిగాని, ఆమె ఈ నలుగురూ ఎదురుకాకముందు ఏం పని చేసేది, ఏం చదవాలనుకునేది అన్న ప్రశ్న 212 ఎపిసోడ్లలో ఎవరి నోటా రాలేదు. ఒక్క అమ్మాయి మాత్రం, "ఆ పిల్లకి జీతమెంత?" అని అడిగి, నాలుగు వర్గాల చేతా తిట్లు తింది.

140వ ఎపిసోడ్‌లో ఆ పిల్ల మల్లెలూ కనకాంబరాలూ కట్టిన దండ చేత్తో పట్టుకుని నిలబడింది. 212లోనూ అట్లాగే నిలబడి ఉంది. పువ్వొక్కటీ వాడలేదు. రెప్ప వేసినట్టు ఎక్కడా రాయలేదు, చెమట ఊసు లేదు. దమయంతి గుర్తుల ప్రకారం చూస్తే ఆ సభలో నమ్మదగ్గ మనుషులు వరులే. ఈ సంగతి ఇంకా ఏ వర్గం కంటా పడలేదు. పడిందంటే అయిదో వర్గం లేస్తుంది, సీరియల్ ఇంకో రెండొందల ఎపిసోడ్లు నడుస్తుంది.